తడి చుక్కలో బొటనవేలు

నాన్నా,

ఫోన్ చేద్దామనే అనుకున్నాను. చేస్తే నీకు సరిగ్గా వినపడదు, ఫోను చెల్లి చేతికిస్తావు, అది నా మాటలన్నీ నీ చెవి దగ్గర అరిచి చెబుతుంది, పక్క వాటావాళ్ళు కిటికీ తెరుస్తారు. ఇది అరిచి చెప్పే సంగతి కాదు. అందుకే కాగితం. కళ్ళజోడు తుడుచుకుని, పిల్లల సందడి తగ్గాక నిదానంగా చదువు.

మన రంగుల మేస్త్రీగారిని కంపెనీ నుంచి పంపించేస్తున్నారు. నేను ఎమ్మెస్సీ పట్టా పట్టుకుని చేరిన రోజు "చదువు గుమ్మం బయట పెట్టి రామ్మా, లోపల ఇరుకు" అన్న మనిషి. ఆ తర్వాత ఆ ఇరుకులోనే నాకు చోటు చేసిన మనిషి. పంపిస్తున్నది ఎవరో కాదు, కంపెనీ యజమాని, నువ్వు అన్నేళ్ళు కారు నడిపిన పెద్దాయనే. మేస్త్రీగారి కంటికి రంగు ఆనడం లేదట, అదీ కారణం. ఇది విన్నప్పుడు నాకు కోపం రావాలి. కనీసం ఏడుపైనా రావాలి. ఏమీ రాలేదు. పళ్ళ డాక్టరు సూది వేశాక బుగ్గ మొద్దుబారి ఉంటుందే, లోపలంతా అలా ఉంది. గిల్లితే గిల్లినట్టు తెలుస్తోంది, నొప్పి తెలియడం లేదు.

వేలు పద్ధతి నీకు తెలిసిందే. అయినా మొదటినుంచీ వరసగా రాసుకుంటూ పోకపోతే నేనే దారి తప్పేలా ఉన్నాను. మన కంపెనీలో ఏ రంగైనా డబ్బాల్లోకి పోసే ముందు ఒక కార్డు మీద పూత పూసి, ఆరబెట్టి, మూలన ఒక తడి చుక్క వదిలి, మేడమీద పెద్దాయన గదికి పంపుతాం. ఆయన కిటికీ వెలుగులో ఆరిన పూతని చూస్తాడు. నచ్చితే తడి చుక్కలో బొటనవేలు ముంచి కార్డు మీద అద్దుతాడు. ఆ వేలిముద్ర కింద గదిలో మేకుకి వేలాడితేనే ఆడవాళ్ళు డబ్బాలకి మూతలు బిగిస్తారు. సంతకం లేదు, రబ్బరు స్టాంపు లేదు. సాయంత్రం కారులో అద్దంలోంచి ఆయన బొటనవేలు చూసి ఆ రోజు ఏ సరుకు తయారైందో చెప్పేసేవాణ్ణని నువ్వు ఇప్పటికీ చెల్లి పిల్లలకి గొప్పలు చెబుతుంటావు కదా, ఆ వేలే.

నువ్వు కారు తాళాలు అప్పగించి మానేసిన కొన్నాళ్ళకి పాల తెలుపు కార్డు వేలు పడకుండా తిరిగొచ్చింది. కంపెనీలో అందరికీ అన్నం పెట్టే రంగు అది. "పసుపు కొడుతోంది" అన్నాడట. రంగు కొలిచే మెషిన్ మీద పెట్టి చూశాను, వెంట్రుకవాసి తేడా లేదు. మళ్ళీ పంపితే మళ్ళీ తిరిగొచ్చింది. ఈసారి మేస్త్రీగారే స్వయంగా పట్టుకెళ్ళి, కిందికొచ్చి, చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

"అమ్మాయీ, ఆయన కంట్లో పొర పడింది."

"డాక్టరుకి చూపించుకోమని చెప్పండి మరి."

"ఎవరు చెబుతారు? నువ్వు చెబుతావా?"

ఆ కన్ను మీద బతికే మనుషులం, మీ కన్నే తప్పు చూస్తోందని ఎలా చెబుతాం అనుకున్నాను. లేదా అసలేమీ అనుకోలేదేమో. ఇప్పుడు గుర్తు చేసుకుంటుంటే అన్నీ అనుకున్నట్టే ఉంటాయి.

మేస్త్రీగారు చెంచాడు రంగు విడిగా తీసి, అందులో నీలం ఒక చుక్క కలిపి, ఆ కార్డు పంపించాడు. వేలు పడింది. "ఇదీ పాల తెలుపంటే" అన్నాడట పెద్దాయన. డబ్బాల్లో మాత్రం అసలు రంగే పోశాం. అప్పటినుంచి ప్రతి సరుకుకీ రెండు రంగులు, ఒకటి ఆయన కంటికి, ఒకటి జనానికి. ఆయన పొర ముదిరేకొద్దీ మా నీలం పెరిగింది. ఎంత పెంచితే వేలు పడుతుందో అంచనా కట్టడం రానురాను నా పని అయింది. "ఇవాళ ఏకంగా ఆకాశాన్నే దించేశావే" అని మేస్త్రీగారు నా కార్డు చూసి నవ్వేవాడు. మూతలు బిగించేవాళ్ళు కార్డుకీ డబ్బాకీ తేడా పట్టలేదా అంటావేమో. వాళ్ళు వేలు చూస్తారు నాన్నా, రంగు చూడరు. మోసమని నాకు ఏనాడూ అనిపించలేదు. పళ్ళు లేనివాళ్ళకి అన్నం మెత్తగా వండి పెట్టినట్టు అనిపించేది.

మొన్న పెద్దాయన మనవణ్ణి చూసొస్తానని కూతురింటికి వెళ్ళాడు. వెళ్ళింది కంటి ఆపరేషన్‌కి. ఎవరికీ చెప్పలేదు. మేం ఆయన దగ్గర దాచాం, ఆయన మా దగ్గర దాచాడు. తిరిగొచ్చిన రోజు మామూలుగానే పాల తెలుపు కార్డు పంపించాం. వెంటనే పిలుపొచ్చింది. ఇద్దరం వెళ్ళాం. నల్ల కళ్ళద్దాలు బల్ల మీద ఉన్నాయి. ఆయన కళ్ళు కడిగిన గాజుగ్లాసుల్లా ఉన్నాయి. నాకు అర్థమయ్యేలోపే మేస్త్రీగారికి అర్థమైంది. గుమ్మంలోనే అడుగు ఆగిపోయింది.

"ఇదేంటయ్యా?"

"పాల తెలుపండి."

"ఇవి పాలా? నీలిమందులో నానబెట్టిన దుప్పటిలా ఉంది. నీ కళ్ళకేమైంది?"

మేస్త్రీగారు కార్డు చేతిలోకి తీసుకుని, మొదటిసారి చూస్తున్నట్టు తిప్పి తిప్పి చూశాడు. "వయసు కదండీ," అన్నాడు. "పోయినట్టున్నాయి."

పెద్దాయన కేకలెయ్యలేదు. అదే ఎక్కువ బాధ అనుకుంటాను, బాధ అన్నది నాకు తెలిసుంటే. "ముందే చెప్పొచ్చు కదయ్యా. ఇంటిపట్టున విశ్రాంతిగా ఉండు. మర్యాదగా పంపిస్తాను" అన్నాడు.

మెట్లు దిగుతుంటే మేస్త్రీగారు నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు. "నోరు విప్పావంటే నా మీద ఒట్టే. ఆయనకున్నది ఆ వేలొక్కటే. అది ఉత్తిదని తెలిస్తే మనిషి నిలబడడు."

"మరి మీ పేరో?"

"నా పేరు గోడలకి పూస్తామా ఏంటి."

కానీ వంటవాడికి నాలుక చచ్చిపోయిందన్న పేరొస్తే ఇంకెవరు గరిటె చేతికిస్తారు? కంపెనీలో అప్పుడే జాలి మొదలైంది. కిందివాళ్ళు మేస్త్రీగారి చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతున్నారు, నిజంగానే కనిపించనట్టు. ఆయన దింపించుకుంటున్నాడు.

నేను చెప్పేస్తాను నాన్నా. పెద్దాయనకి ఉన్నదున్నట్టు చెప్పి, నేనూ మానేస్తాను. నీ అల్లుడు విని నవ్వాడు. "పెయింటు డబ్బాల దగ్గర కూడా పాతివ్రత్యమా" అన్నాడు. నిన్ను అడగడం లేదు, చెబుతున్నాను. అడుగుతున్నానేమో కూడా.

నీ
పెద్దమ్మాయి

---

నాన్నా,

నీ జవాబు చేరింది. గతుకుల రోడ్డు మీద కారులో కూర్చుని రాసినట్టున్నాయి అక్షరాలు. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టకు" అని రాసి కింద గీత గీశావు. గీత మాత్రం తిన్నగా వచ్చింది. ఒట్టు వేయించుకున్నవాడి మాట కాదని వెళ్ళడం తప్పని కూడా రాశావు. అందులో నీతో వాదించను. నాకూ అది తప్పేమో అనే ఉంది.

ఇంకో సంగతి రాశావు, అది నాకు కొత్త. నువ్వు మానేసే ముందు రోజుల్లో ఆయన "ఆ పచ్చమేడ దగ్గర తిప్పు" అంటే, అది నీలం మేడ అయినా నోరెత్తకుండా తిప్పేవాడివట. "ఆయన పచ్చ అన్నాక పచ్చే" అని రాశావు, సరదాగా. ఆ ముక్క చాలాసార్లు చదివాను. అంటే పొర అప్పటికే మొదలైంది. అప్పటికే నీకూ తెలుసు.

నీ జవాబు అందేలోపే నేను వెళ్ళాను. రంగుల గదిలో తీగకి గుచ్చి ఉంచిన పాత పాల తెలుపు కార్డులన్నీ తీసి, ఒళ్ళో బిడ్డని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని మెట్లెక్కాను. పెద్దాయన కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. ఆపరేషన్ అయినప్పటినుంచి అక్కడే కూర్చుంటున్నాడట, ఆకులు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయని చూసుకుంటూ.

"మేస్త్రీ గురించైతే మాట్లాడకమ్మా. అదైపోయింది."

బల్ల మీద కార్డులు వరసగా పరిచాను. పాతవి అటు, కొత్తవి ఇటు. ఆయన లేచి వచ్చి, బల్ల ఆ చివరినుంచి ఈ చివరికి మెల్లగా నడిచాడు. ఆ చివర పాలు. ఈ చివరికి వచ్చేసరికి పలచని ఆకాశం. ప్రతి దాని మూలనా ఆయన బొటనవేలు, గీతలతో సహా.

"ఇవన్నీ నా వేళ్ళేనా?"

"మీవేనండి."

"ఇది కూడా?" చివరి కార్డు ముట్టుకుని అడిగాడు.

"అది మీరు చాలా బాగుందన్నదండి."

అప్పుడు అంతా చెప్పాను. నీలం చుక్క సంగతి, రెండు రంగుల సంగతి, మేస్త్రీగారు కళ్ళు పోయాయని ఎందుకన్నాడో, అన్నీ. దారిలో కట్టుకున్న వాక్యాలు ఒక్కటీ గుర్తురాలేదు. మెషిన్ రీడింగులు చదివినట్టు చెప్పుకుపోయాను.

"మరి డబ్బాల్లో ఏది పోశారు?"

"అసలుదేనండి."

"ఎవరైనా బాగాలేదన్నారా?"

"లేదండి."

"మరి ఇన్నాళ్ళూ నేను చేసిందేమిటమ్మా?"

"వేలు పెట్టారండి."

వెటకారం కాదు నాన్నా. నోటికి అదే వచ్చింది. ఆయన నవ్వాడు, దగ్గులాంటి నవ్వు. కూర్చుని, బొటనవేలిని రెండో చేత్తో పట్టుకుని చూసుకున్నాడు. ఆ వేలికి ఆ రోజు ఏ రంగూ లేదు.

"ఎంతమందికి తెలుసు?"

"మా ఇద్దరికేనండి." నీ ఉత్తరం అప్పటికి రాలేదు. వచ్చుంటే ముగ్గురం అనేదాన్నో లేదో.

తర్వాత ఆయనన్న మాట నీకు రాయాలా వద్దా అని ఈ కాగితం రెండుసార్లు పక్కన పెట్టాను. "ఇంత ప్రేమ ఉన్నవాళ్ళు కదమ్మా మీరు. ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు, 'అయ్యా, మీకు కళ్ళు కనిపించడం లేదు, చూపించుకోండి' అని చెప్పలేకపోయారా? నా మనవడి మొహం నేను ఇన్నాళ్ళూ పొగలోంచి చూశాను. నాకు తెలియలేదు, అందరికీ అలాగే కనిపిస్తుందనుకున్నాను. చివరికి నా కూతురు చెప్పాల్సి వచ్చింది."

న్యాయం చెప్పడానికి వెళ్ళినదాన్ని, ముద్దాయిలా నిలబడ్డాను. మేస్త్రీగారి వంతు నీలం, నా వంతు నీలం, ఇప్పుడు చూస్తే నీ పచ్చమేడ. మనం ఆయన్ని కాపాడుకుంటూ వచ్చామా, చీకట్లో కూర్చోబెట్టి కాపలా కాశామా? నాకు తెలియదు. ఆయన కోపగించుకుంటే మన గతేమవుతుందోనన్న భయానికి ప్రేమ అని పేరు పెట్టుకున్నామా? అదీ తెలియదు. రెండూ కలిసిపోయాక ఏ మెషినూ విడదీసి చెప్పదు.

మేస్త్రీని ఉండమంటానన్నాడు. ఉండరని చెప్పాను, మీకు తెలిసిపోయిందని తెలిస్తే అసలే ఉండరని. ఆయన కిటికీ వైపు తిరిగి, "పోనీ, వీడ్కోలు రోజు అందరి ముందూ నేనే చెబుతాను. పొర నా కంట్లో ఉంది, వాడి కంట్లో కాదు అని. అది నా బాకీ" అన్నాడు. కష్టమైన మాట నాన్నా అది, ఆ వయసులో, అంతమంది ముందు. నాకు తేలికపడాలి. మెట్లు దిగుతూ, తేలికపడింది కాబోలు అనుకున్నాను. ఆ సూది మత్తు ఇంకా దిగలేదు.

నీ
పెద్దది

---

నాన్నా,

పచ్చమేడ గురించి అలా రాసినందుకు నీ మనసు నొచ్చుకుందని చెల్లి చెప్పింది. రెండు రోజులు కాఫీ ముట్టలేదట. నిన్నొక్కడినీ అనలేదు. నన్నూ కలుపుకునే అన్నాను. కాఫీ తాగు.

వీడ్కోలు అయిపోయింది. క్యాంటీన్‌లో బల్లలు గోడలకి జరిపి, కుర్చీలు వేశారు. మేస్త్రీగారు ఇస్త్రీ చొక్కాలో ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినవాడిలా కూర్చున్నాడు. పక్కన ఆయన భార్య. మూతలు బిగించే గదికి పెద్దదిక్కు ఉందే, అందరూ మూతలక్క అంటారు, ఆవిడ ముందు వరసలో.

పెద్దాయన లేచాడు. దాచుకోకుండా చెప్పాడు. నేను ఆయన మాటల్లోనే రాస్తున్నాను: "ఇతని కళ్ళకి ఏమీ కాలేదు. నా కళ్ళకి పొర పట్టింది. నాకు మంచిగా కనిపించడానికి ఇతను నా కోసం వేరే రంగు కలిపి చూపించేవాడు. డబ్బాల్లో మాత్రం సరైనదే పోశాడు. నేను అది తెలియక ఇతన్ని పొమ్మన్నాను. తప్పు నాది."

నేను మేస్త్రీగారి మొహం చూడలేక ఫ్యాను రెక్కలు చూస్తున్నాను. అప్పుడు వెనకనుంచి ఎవరో ముక్కు చీదారు. మూతలక్క కళ్ళు ఒత్తుకుంటూ పక్కావిడతో అంది, గుసగుసే కానీ గదంతా వినిపించింది. "చూశావే, తప్పంతా తన నెత్తిన వేసుకున్నాడు. నౌకరు పరువు కోసం ఎవరు చేస్తారే ఈ రోజుల్లో ఇలా?"

అంతే. ఆ మాట గదిలో నీళ్ళలా పాకింది. పెద్దాయన కంగారుగా "కాదు, నిజంగా జరిగిందే చెబుతున్నాను" అన్నాడు. ఆయన ఎంత గట్టిగా అంటే వీళ్ళు అంత ఏడ్చారు. మేస్త్రీగారి భార్య లేచి, "మీది దొడ్డ మనసండి, కానీ మాకోసం మీరు అంత మాట అనకూడదు. మా ఆయనకి చూపు పోయిన మాట నిజమే. ఇంట్లో ఉప్పు డబ్బాకీ పంచదార డబ్బాకీ తేడా తెలియడం లేదు. నిన్న కాఫీలో ఉప్పేశాడు" అంది. జనం ఏడుస్తూనే నవ్వారు. నేను ఉండబట్టలేక లేచాను. "నిజమేనండి, నీలం కలిపింది నేనే" అన్నాను. మూతలక్క నా వీపు మీద చెయ్యేసి కూర్చోబెట్టింది. "నువ్వూ మంచిదానివేనమ్మా. డ్రైవరుగారి పెంపకం" అంది.

నిజం చెప్పాక అది అబద్ధమవడం నేను ఎప్పుడూ చూడలేదు నాన్నా. పెద్దాయన కుర్చీలో కూలబడ్డాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

గేటు దగ్గర మేస్త్రీగారు నా కోసం ఆగాడు. ఇచ్చిన పూలగుత్తిని చీపురు పట్టుకున్నట్టు తలకిందులుగా పట్టుకున్నాడు.

"చెప్పేశావు కదూ."

"చెప్పానండి."

"కాఫీలో ఉప్పు కూడా కావాలనే వేశానమ్మా. ఇంట్లోవాళ్ళు నమ్మితేనే బయటవాళ్ళు నమ్ముతారని." పూలగుత్తిని రెండో చేతికి మార్చుకున్నాడు. "తన వేలు ఉత్తిది కాదన్న నమ్మకం, ఆయనకి నేనిచ్చింది అదొక్కటే. అది తిరిగి ఇప్పించేశావు. పోనీ పేరైనా వచ్చిందా అంటే అదీ రాలేదు. ఇప్పుడు నా దగ్గరేముంది చెప్పు?"

తిట్టినా బాగుండేది. ధర ఎంత అని అడిగినట్టు అడిగాడు. ఆ వెంటనే, "సర్లే, భోజనం చెయ్యి" అని వెళ్ళిపోయాడు. భార్య వీధి దాటేటప్పుడు ఆయన చెయ్యి పట్టుకుంది.

మానేస్తానన్నదాన్ని, మర్నాడు మామూలుగా వెళ్ళాను. పాల తెలుపు సరుకు తయారుగా ఉంది, మేస్త్రీగారు లేరు, ఎవరో ఒకరు చూడాలి కదా అనుకున్నాను. ఎప్పుడూ ఎవరో ఒకరు చూడాల్సిందే ఉంటుంది. ఈసారి ఒక్కటే రంగు, ఒక్కటే కార్డు. నీలం సీసా ముట్టుకోలేదు. నేనే మేడమీదికి తీసుకెళ్ళాను. పెద్దాయన వెలుగులో పట్టుకుని చూసి, "బాగుంది. ఇదే మన తెలుపు" అన్నాడు. వేలు మాత్రం పెట్టలేదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"ఈ వేలు అబద్ధాలకి అలవాటు పడిందమ్మా. ఇక పెట్టను. బాగుందని నోటితో చెప్పాను కదా, వెళ్ళి చెప్పు."

వెళ్ళి చెప్పాను. మూతలక్కా ఆవిడ మనుషులూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"బాగుందన్నారు, బిగించండి."

"అన్నారు, సరే. వేలేదీ?"

"ఇక పెట్టరట."

"వేలు లేకుండా మూత పెట్టమమ్మా. ఆయన మనకోసం అంత మాట పడ్డాక, మనం ఆయన పద్ధతి తప్పుతామా?"

సరుకు బండి గేటు దగ్గర ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. మళ్ళీ మెట్లెక్కాను. సగంలో, మలుపు దగ్గర చిన్న కిటికీ ఉంటుంది చూడు, అక్కడ ఆగాను. పైకి వెళ్ళి ఆయన్ని బతిమాలితే పెట్టేవాడే. బతిమాలితే ఆయన మన కోసం ఏదైనా చేస్తాడు, అది నాకు తెలుసు. అందుకే కాలు కదల్లేదు. కార్డు మూలన చుక్క అప్పటికే మీగడ కడుతోంది. నా బొటనవేలు ముంచి అద్దాను. చల్లగా తగిలింది. అంతకుమించి ఏమీ తెలియలేదు.

కిందికెళ్ళి మేకుకి తగిలించాను. మూతలక్క దగ్గరికొచ్చి, కళ్ళు చికిలించి చూసింది.

"వేలు చిన్నదైందేంటమ్మా?"

నేను బొటనవేలు గుప్పిట్లో మూసుకున్నాను. ఆవిడే అంది, నా మొహంలోకి చూడకుండా. "ముసలితనం. మనిషి చిక్కితే వేళ్ళూ చిక్కుతాయి. పాపం, ఆ మేస్త్రీగారి దిగులు పీల్చేసింది." కొంగుతో కళ్ళు తుడుచుకుని సుత్తి అందుకుంది. "కానివ్వండే" అంది. మూతలు పడ్డాయి.

రాజీనామా ఇచ్చావా అని అడిగావు. ఇవ్వలేదు. ఇవ్వాలంటే ఎవరికివ్వాలో తోచడం లేదు. మమ్మల్నందరినీ పనిలో పెట్టింది ఆ వేలు అనుకునేదాన్ని. ఇప్పుడు చూస్తే అది నా చేతికే ఉంది. మళ్ళీ సరుకు వచ్చేలోపు మూతలక్కకి నిజం చెప్పాలని అనుకుంటాను. చెబితే నన్నూ దొడ్డమనిషిని చేస్తుంది.

సబ్బు పెట్టి కడిగాను కానీ, గోరు అంచున కొంచెం మిగిలింది. నువ్వు ఇంకా కారు నడుపుతూ, నేను వెనక సీట్లో ఉండుంటే, అద్దంలో చూసి చెప్పేసేవాడివి, ఇవాళ పాల తెలుపు అని.

నీ
డ్రైవరుగారి పెంపకం